ఎరువు బాకీ

తెలుగులో ‘ఎరువు’కి రెండు అర్థాలున్నాయి. ఒకటి పొలానికి వేసేది. ఇంకొకటి, వాడుకుని తిరిగిచ్చేస్తామని పక్కింటి నుంచి తెచ్చుకునేది. అప్పుకీ ఎరువుకీ తేడా ఉంది. అప్పు తీర్చేటప్పుడు తీసుకున్న నోటే తిరిగివ్వక్కర్లేదు, విలువ ఇస్తే చాలు. ఎరువు తెచ్చుకున్నది గొలుసైతే ఆ గొలుసే, ఎవరి మెళ్లోంచి వచ్చిందో వాళ్లకే చేరాలి. ఎరువు సొమ్ము బరువు చేటు అని సామెత కూడా ఉంది. వ్యుత్పత్తిలో ఈ రెండు మాటలకీ చుట్టరికం ఉందా అన్న చర్చని పండితులకి వదిలేస్తాను. వంటింటి చెత్తని మొక్కలకి వేసే పనిలో ఒక నైతికమైన చిక్కు ఉంది, అది ఈ రెండో అర్థం వైపు నుంచి చూస్తేనే కనిపిస్తుందని నా అనుమానం.

చిక్కా? తొక్కలు కుండలో వేస్తే మట్టవుతాయి, ఆ మట్టి వేస్తే మొక్క పెరుగుతుంది, ఇంతకంటే అమాయకమైన పని ఇంకేముంటుంది అనొచ్చు. ఆ అమాయకత్వం దగ్గరే నాకు పేచీ.

ముందు పని గురించి చెప్పాలి, ఎందుకంటే అది నాకు చాలా ఇష్టమైన పని. మేం ఉండేది బోయిగూడలో, సికింద్రాబాద్ స్టేషన్‌కి పదో నంబర్ ప్లాట్‌ఫాం వైపు, పదిహేను ఫ్లాట్ల పాత అపార్ట్‌మెంట్‌లో. బాల్కనీ వెడల్పు నాలుగడుగులు. అందులో ఒక మందార, రెండు కరివేపాకు మొక్కలు, తులసి, పుదీనా, అప్పుడప్పుడు వాటంతటవే మొలిచే టమాటాలు. మూలన ఒకదాని మీద ఒకటి మూడు మట్టికుండలు. రోజూ వంట అయ్యాక వంకాయ తొడిమలు, బెండకాయ ముచ్చికలు, ఉల్లిపొట్టు, టీ పొడి, పప్పులోంచి ఏరి పక్కన పెట్టిన కరివేపాకు అన్నీ పై కుండలోకి పోతాయి. ఒక గుప్పెడు తడికి రెండు గుప్పెళ్ల ఎండాకులో కొబ్బరిపొట్టో వెయ్యాలి. అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. సూక్ష్మజీవులకి ఒక పాలు నత్రజనికి పాతిక ముప్ఫై పాళ్లు కార్బన్ కావాలి. కూరగాయ తొక్కల్లో నత్రజని ఎక్కువ, ఎండాకుల్లో కార్బన్ ఎక్కువ. నత్రజని మితిమీరితే అమ్మోనియా ఘాటు ముక్కుకి తగులుతుంది. గాలి ఆడకపోతే కుళ్లిన గుడ్డు వాసన. తోడు కోసం పుల్లమజ్జిగ చిలకరిస్తే సరిపోతుంది, దానికోసం ప్యాకెట్లు కొనక్కర్లేదు. తెల్లటి లావు పురుగులు కనిపిస్తే చాలామంది కుండ మొత్తం పారబోస్తారు. అవి బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే ఈగ పిల్లలు, కుట్టవు, కరవవు, మనకంటే శ్రద్ధగా పనిచేస్తాయి.

ఇంటర్నెట్‌లో తిరిగే చిట్కాలన్నీ ఒక్క తూకం కావు. అరటి తొక్కలు మూడు రోజులు నానబెట్టిన నీళ్లలో కాస్త పొటాషియం ఉంటుంది, మిగతాది నమ్మకం. గుడ్డు పెంకులు పొడి చేయకుండా వేస్తే ఏళ్ల తరబడి అలాగే పడుంటాయి. బియ్యం కడిగిన నీళ్లు మాత్రం మన ఇళ్లలో ఎప్పుడూ వృథాగా పోలేదు, పశువులున్న ఇంట్లో కుడితి తొట్టిలోకి, లేని ఇంట్లో మొక్క మొదట్లోకి.

రెండు నెలలకి కింది కుండలో నల్లటి, పొడిపొడిగా రాలే మట్టి తయారవుతుంది. వేసిన దాంట్లో ఐదో వంతు కూడా మిగలదు, ఎందుకంటే మనం వేసిందంతా చాలామటుకు నీళ్లే. దాన్ని చేతిలోకి తీసుకుంటే తొలకరి వాసన వస్తుంది. ఇది కవిత్వం కోసం చెప్తున్న మాట కాదు. వాన పడ్డప్పుడు మట్టిలోంచి లేచే వాసనకి కారణమైన జియోస్మిన్ అనే పదార్థాన్ని తయారుచేసే బాక్టీరియా జాతి ఈ కుండలో కూడా పనిచేస్తుంది. నిన్నటి చెత్త ఇవాళ వాన వాసన వేస్తుంటే మనిషికి సంతోషం కలగకపోతే ఆశ్చర్యపోవాలి. ఆ సంతోషం వెనకే ఇంకోటి వస్తుంది. నా లెక్క నేను సరిచేసుకున్నాను, భూమికి నేనేమీ బాకీ లేను అన్న తృప్తి. ఈ వ్యాసం ఆ రెండో దాని గురించి.

వ్యవసాయం గురించి రాసినవాళ్లలో ‘తిరిగి ఇవ్వడం’ అన్న దాన్ని ఒక నియమం స్థాయికి తీసుకెళ్లింది ఆల్బర్ట్ హోవర్డ్. ఈ ఇంగ్లీషు వృక్షశాస్త్రవేత్త 1924 నుంచి 1931 దాకా ఇండోర్‌లో పనిచేశాడు. ఇక్కడి రైతులు చేసేది గమనించి, కంపోస్ట్ తయారీకి ఒక పద్ధతి రూపొందించాడు, దానికి ఇండోర్ పేరే స్థిరపడింది. 1940లో అచ్చయిన ‘యాన్ అగ్రికల్చరల్ టెస్టమెంట్’ పుస్తకం సారాంశం చెప్పాలంటే, మట్టి నుంచి తీసుకున్నదంతా మట్టికి తిరిగి చేరాలి. అంతకు వందేళ్ల ముందు తరంలో జర్మన్ రసాయన శాస్త్రవేత్త లీబిగ్ ఇదే మాటని కోపంగా అన్నాడు. పల్లెల పొలాల్లోంచి ధాన్యం రూపంలో సారం నగరానికి పోతోంది, నగరం దాన్ని నదిలో కలిపేస్తోంది, ఇది దోపిడీ అని. మార్క్స్ ఆయన్ని శ్రద్ధగా చదివి, పెట్టుబడి మీద తన విమర్శలో ఆ ఆలోచనకి చోటిచ్చాడు.

సరే, మట్టికి తిరిగివ్వాలి. ఏ మట్టికి? మా వంటింట్లోకి టమాటా మదనపల్లె నుంచి వస్తుంది. ఉల్లిగడ్డ కర్నూలుదో మహారాష్ట్రదో. ఆలుగడ్డ ఆగ్రాది. ఆకుకూరలు చేవెళ్ల వైపు నుంచి తెల్లారేసరికి దిగుతాయి. వీటిలో నత్రజని, భాస్వరం, పొటాష్ ఆ ఊళ్ల పొలాల్లోంచి వచ్చినవే. నేను వాటి తొక్కల్ని శుద్ధంగా మట్టిచేసి మందారకి వేస్తున్నాను. అంటే మదనపల్లెలో ఎరువు తెచ్చుకున్న గొలుసుని మా మందార మెళ్లో వేస్తున్నానన్న మాట. మందార బాగా పూస్తోంది, కాదనను. కానీ దాన్ని తిరిగివ్వడం అనలేం.

రోజుకి అరకిలో తొక్కల్ని మదనపల్లెకి పార్సిల్ చేస్తావా అని నవ్వొచ్చు. చెయ్యను. ఈ బాకీ ఒక మనిషి బాల్కనీ స్థాయిలో తీర్చగలిగేది కాదని మాత్రమే అంటున్నాను. తీర్చగలిగేది నగరం. మరి నగరం తీర్చడంలో నా వంతు ఏమిటి అన్నది అసలు ప్రశ్న. బాల్కనీలోని కుండ ఆ ప్రశ్నకి జవాబు చెప్పదు, అది అప్పుడే తీరిపోయిందన్నట్టు జో కొడుతుంది.

ఇది గాల్లో చర్చ కాదని మా అసోసియేషన్ మీటింగ్‌లో తేలింది. సెల్లార్‌లో కుర్చీలేసుకుని కూర్చునే మామూలు మీటింగ్. లిఫ్ట్ రిపేరు, మంజీరా నీళ్లు, ఆ తర్వాత చెత్త ఆటోకి నెలనెలా ఇచ్చే డబ్బు. ఆటో అతను ఇంటికి వంద నుంచి నూట ఇరవై చెయ్యమని అడిగాడు. రైల్వేలో చేసి రిటైరైన ఒక పెద్దాయన లేచారు. మా బిల్డింగ్‌లో అందరికంటే ముందు కంపోస్ట్ మొదలుపెట్టింది ఆయనే, నాకు నేర్పింది కూడా ఆయనే. "నేను తడి చెత్త ఒక్క గ్రాము ఇవ్వను. పేపర్లు, సీసాలు నేనే అమ్ముకుంటాను. వారానికి రెండు సార్లు ఇంత చిన్న కవర్ ఇస్తాను. దానికి నూట ఇరవై ఎందుకు? నాకు తగ్గించాలి," అన్నారు. ఇద్దరు ముగ్గురు తలలూపారు. మంచి పని చేసేవాళ్లకి ఏదో ఒక ప్రోత్సాహం ఉండాలి కదా.

ఆటో అతను గేటు దగ్గరే ఉన్నాడు. పిలిచి అడిగితే ఒకే ఒక్క మాట అన్నాడు. "ఇస్తే ఇయ్యిండ్రి సార్, లేకుంటే లేదు. ఆ చిన్న కవర్ల ఏముంటదో మీకెరుకనే గద."

ఏముంటుందో నిజంగానే అందరికీ తెలుసు. వాడేసిన ప్యాడ్లు, డైపర్లు, షేవింగ్ బ్లేడ్లు, పగిలిన గాజు, గడువు తీరిన మందులు. ఆలోచిస్తే లెక్క ఇలా ఉంది. ఇంట్లో పుట్టే చెత్తలో మట్టిగా మారే భాగం నేను ఉంచుకున్నాను, దాంతో నాకు పూలు. డబ్బుగా మారే భాగం కూడా నేనే ఉంచుకున్నాను, దాంతో నాకు పాల ప్యాకెట్ డబ్బులు. ఎవరికీ అక్కర్లేని, ముట్టుకోవడానికి ఎవరూ ఇష్టపడని భాగాన్ని మాత్రం అతనికి వదిలాను. ఆటో నడిపేవాళ్లకి ఇళ్లవాళ్లిచ్చే నెల డబ్బు, పొడి చెత్త ఏరి అమ్ముకుంటే వచ్చేది, ఈ రెండే ఆదాయం. నేను ఎంత ఆదర్శంగా బతికితే అతని బుట్టలో అంత నాణ్యమైన దరిద్రం పడుతుంది. పైగా డిస్కౌంట్ అడుగుతున్నాను.

పెద్దాయన వాదనని కొట్టిపారెయ్యలేం. దాని వెనక గట్టి సూత్రమే ఉంది, ఎంత పారేస్తే అంత కట్టు అని. దక్షిణ కొరియాలో 2005లోనే తిండి వ్యర్థాలని నేరుగా పూడ్చిపెట్టడం నిషేధించారు. 2013 నుంచి బరువుని బట్టి డబ్బు వసూలు చేస్తున్నారు. అపార్ట్‌మెంట్ కింద ఒక యంత్రం, కార్డు చూపిస్తే మూత తెరుచుకుంటుంది, తూకం వేసుకుంటుంది, బిల్లు పంపుతుంది. ఇప్పుడక్కడ తిండి వ్యర్థాల్లో తొంభై శాతం పైగా ఏదో ఒక రూపంలో తిరిగి వాడకంలోకి వస్తున్నాయి. నాలాంటి ఇంజనీర్లకి చూడగానే నచ్చే వ్యవస్థ. అయితే సియోల్‌లో మీరు తక్కువ పారేస్తే బండి తోలే మనిషి ఇంట్లో ఆ నెల పాలు తగ్గవు. అతని జీతానికీ మీ తూకానికీ సంబంధం లేదు. బోయిగూడలో ఉన్నదంతా ఆ సంబంధమే. పైకప్పుని మాత్రం తెచ్చి, దాని కింద గోడల్ని అక్కడే వదిలేసి వస్తే ఎవరి నెత్తిన పడుతుందో చెప్పక్కర్లేదు. నా ఉద్దేశంలో ఆ నూట ఇరవై చెత్త బరువుకి ఇచ్చే ధర కాదు. ఆ చిన్న కవర్ కోసం కూడా ఒక మనిషి వస్తున్నాడు కాబట్టి ఇచ్చేది. కవర్ ఎంత చిన్నదైతే అంత ఎక్కువ ఇవ్వాలనిపిస్తుంది నాకు, కానీ ఆ మాట మీటింగ్‌లో అంటే నెగ్గదు.

నా ఉద్యోగంలో చెత్తకి చాలా స్పష్టమైన నిర్వచనం ఉంది. ప్రోగ్రాం నడుస్తున్నప్పుడు మెమరీలో లక్షల కొద్దీ వస్తువులు పుడతాయి. వాటిలో ఏది చెత్త? పాడైపోయింది కాదు, పాతబడింది కాదు. దాన్ని చేరుకునే దారి ఒక్కటీ మిగలకపోతే అది చెత్త. ఎవరూ దాన్ని తలుచుకోవడం లేదు, అంతే. 1959లో జాన్ మెకార్థీ లిస్ప్ భాష కోసం ఈ ‘గార్బేజ్ కలెక్షన్’ పద్ధతి తీసుకొచ్చాడు. మా ఇంటి నుంచి నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న బన్సీలాల్‌పేట మెట్లబావికి ఈ నిర్వచనం అతికినట్టు సరిపోతుంది. కొళాయి నీళ్లకి అలవాటుపడ్డాక బావిని తలుచుకునే అవసరం పోయింది. దశాబ్దాల పాటు అందులో చెత్త పోశారు, పూడిపోయింది. దాన్నంతా తోడి పోసి 2022 డిసెంబరులో మళ్లీ జనానికి తెరిచారు. ఈ మధ్యలో రాయి మారలేదు, ఊట మారలేదు. జనం తలుచుకోవడం మానేశారు, మళ్లీ తలుచుకున్నారు.

కానీ ఈ పోలిక ఒక చోట విరుగుతుంది. మెమరీలో చెత్త తీసే పని ఇంకో ప్రోగ్రాం చేస్తుంది. దానికి చేతులుండవు, ఇల్లుండదు, కులం ఉండదు.

ఎవరి మురికి వాళ్లే ఎత్తుకోవాలని గాంధీ అన్నాడు. తన ఆశ్రమాల్లో ఆ నియమం పెట్టాడు, తను చేశాడు కూడా. పాకీపనిని సేవగా, గౌరవప్రదమైన వృత్తిగా చూడమని రాశాడు. దీని మీద అంబేడ్కర్ 1945లో వచ్చిన పుస్తకంలో విరుచుకుపడ్డాడు. పనిని ఎంత పొగిడినా, ఆ పని పుట్టుకతో నెత్తినపడ్డ వాళ్ల స్థితి మారదనీ, ఆ పొగడ్త వాళ్లని అక్కడే ఉంచడానికి పనికొస్తుందనీ ఆయన అభ్యంతరం. బాల్కనీలో కంపోస్ట్ కలిపే ప్రతివాళ్లూ ఈ ఇద్దరి మధ్యలో నిలబడి ఉన్నారు, తెలిసినా తెలియకపోయినా. నేను పురుగులున్న మట్టిలో చెయ్యి పెడితే అది అభిరుచి. ఫొటో తీసి పెడితే వంద మంది మెచ్చుకుంటారు. అదే పదార్థంలో, అంతకంటే కుళ్లిన దాంట్లో, రోజంతా చెయ్యి పెట్టే మనిషి మంచినీళ్లు అడిగితే ఏ గ్లాసులో ఇవ్వాలా అని ఆలోచించే ఇళ్లు మా వీధిలో ఉన్నాయి. నాకు కడుక్కుంటే పోయే వాసన. ఆ తేడా సబ్బుది కాదు.

గాంధీ చెప్పింది తప్పని నేననను. నా చేత్తో నేను చెయ్యడం వల్ల ఒక లాభం కచ్చితంగా ఉంది. తడీ పొడీ కలిసిపోతే వేరు చెయ్యడం ఎంత కష్టమో వేళ్లకి తెలుస్తుంది. అంబేడ్కర్ గుర్తుచేసేది, వేళ్లకి తెలియడంతో న్యాయం జరిగిపోదని. నా మొగ్గు అంబేడ్కర్ వైపే.

పాతకాలమే మేలు, పల్లెల్లో ఏదీ వృథా పోయేది కాదు అన్న మాట కంపోస్ట్ గురించి మాట్లాడేవాళ్ల నోట తరచుగా వినిపిస్తుంది. సగం నిజం. పెంట అన్న మాట ఇప్పుడు తిట్టు. ‘పెంట చెయ్యకు’ అంటే పని చెడగొట్టకని. మా అమ్మమ్మవాళ్ల ఊళ్లో పెంటకుప్ప ఆస్తి. ఎవరి పెంటకుప్ప ఎంత పెద్దదో దాన్నిబట్టి ఎన్ని పశువులున్నాయో, ఎంత చేను పండుతుందో అంచనా వేసేవాళ్లు. పేడ, బూడిద, ఊడ్చిన కసవు, వంటింటి చెత్త అన్నీ ఏడాదంతా అందులో పడి మాగేవి. ఎండాకాలంలో బండ్ల మీద చేనికి తోలేవాళ్లు. హోవర్డ్ చెప్పిన నియమం అక్షరాలా అమలయ్యేది, ఎందుకంటే తిన్న గింజ పండిన చేనూ, తొక్క పడ్డ కుప్పా ఒకే ఊళ్లో ఉండేవి. కానీ ఆ బండికి ఎత్తింది ఎవరు? పేడ తట్టలు మోసింది జీతగాళ్లు. చచ్చిన పశువుని ఊరవతలికి లాగింది ఎవరో ప్రతి ఊరికీ తెలుసు. మట్టి బాకీ తీరేది, మనుషుల బాకీ తీరేది కాదు. వృథా లేకపోవడాన్నీ అన్యాయం లేకపోవడాన్నీ ఒకటిగా చూసే తొందరపాటు అక్కడా ఉంది, ఇప్పటి జీరో వేస్ట్ ఇన్‌స్టాగ్రామ్ పేజీల్లోనూ ఉంది.

మా పేట పేరులోనే మోసేవాళ్లున్నారు. బోయీలంటే పల్లకీ మోసినవాళ్లు. వాళ్ల గురించి శ్రీశ్రీ అడిగిన ప్రశ్న తెలుగు చదివిన అందరికీ తెలుసు, మళ్లీ ఎత్తి రాయక్కర్లేదు.

2022 మార్చి 23న తెల్లవారకముందే బోయిగూడలో ఒక తుక్కు గోదాం తగలబడింది. కింద కాగితం, ఖాళీ సీసాలు, కేబుళ్లు లాంటి సామాను. పైన, ఆ తుక్కుని వేరుచేసే పనివాళ్ల పడకలు. పైనుంచి కిందికి రావడానికి ఉన్న మెట్ల దారి గోదాంలోకే దిగుతుంది. బీహార్ నుంచి వచ్చిన పదకొండు మంది పొగలో, మంటల్లో చనిపోయారు. ఒక్కరు దూకి బయటపడ్డారు. ప్రభుత్వాలు పరిహారం ప్రకటించాయి, నాలుగు రోజులు టీవీ వ్యాన్లు ఆగాయి, తర్వాత వీధి మామూలైంది.

కంపోస్ట్ గురించి రాస్తూ ఈ ప్రమాదం ఎందుకు ఎత్తావంటే, ‘చెత్త వేరు చెయ్యండి’ అన్న వాక్యానికి ఈ గోదాం కూడా ఒక కొస కాబట్టి. నేను తడి చెత్త విడదీసి కుండలో వేసుకున్నాక మిగిలిన పొడి చెత్త శుభ్రంగా ఉంటుంది, ఎండి ఉంటుంది, అమ్ముడుపోతుంది. అది ఇంకెక్కడికో వెళ్లి పేరుకుంటుంది. ఆ ఇంకెక్కడో కూడా ఇళ్ల మధ్యే ఉంటుంది, అక్కడ మనుషులు పడుకుని ఉంటారు. మన సంచిలో పుణ్యం ఉన్న భాగం మాత్రమే మన కంటి ముందు మట్టి అవుతుంది. మిగతాది ఏమవుతుందో చూడ్డానికి మనకి బాల్కనీ లేదు.

మరి ఏం చెయ్యాలి? దీనికి జవాబు నాకు తాత్వికంగా కాకుండా చాలా నీరసమైన పరిపాలనా వివరాల్లో దొరికింది. జీహెచ్‌ఎంసీ 2015లో ఇంటింటికీ ఆకుపచ్చ, నీలం రంగు చెత్తబుట్టలు పంచింది, రెండు వేల స్వచ్ఛ ఆటోలు మొదలుపెట్టింది. 2016లో కేంద్రం తెచ్చిన ఘనవ్యర్థాల నిబంధనలు తడి, పొడి, ప్రమాదకరమైనవి మూడూ విడివిడిగా ఇవ్వాలన్నాయి. ఆ బుట్టల్లో చాలా ఇళ్లలో ఇప్పుడు బియ్యమో, మాసిన బట్టలో ఉన్నాయి. అందరూ కలిపి ఇచ్చిందాన్ని ఆటో మీద నిలబడి ఆటో అతనో, అతని భార్యో చేత్తో వేరు చేస్తారు. ఒక గిన్నెడు పులిసిన చారు ఒలికితే కిలో న్యూస్‌పేపర్ ఎందుకూ పనికిరాకుండా పోతుంది. మిగిలిందంతా జవహర్‌నగర్ చేరుతుంది. తడి చెత్త అక్కడ గాలి ఆడని గుట్ట కింద మీథేన్ అవుతుంది, నల్లటి రసమై ఊరుతుంది. ఆ రసం మల్కారం చెరువుని ఏం చేసిందో చుట్టుపక్కల వాళ్లని అడిగితే చెప్తారు.

ఇదే తడి చెత్త కలవకుండా దొరికితే ఏమవుతుందో చూడ్డానికి దూరం వెళ్లక్కర్లేదు. బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌లో రోజుకి దాదాపు పది టన్నుల వ్యర్థాల నుంచి 500 యూనిట్ల కరెంటు, 30 కిలోల వంటగ్యాస్‌కి సమానమైన బయోగ్యాస్ తీసేలా ప్లాంట్ పెట్టారు. టెక్నాలజీ తార్నాకలోని ఐఐసీటీది. గ్యాస్ తీశాక మిగిలేది ఎరువే. ఆ ప్లాంట్‌లో మాయ ఏమీ లేదు. మార్కెట్‌లో కూరగాయలతో డైపర్లు కలవవు, అందుకని పనిచేస్తుంది.

ఇప్పుడు మదనపల్లె సంగతికి రావచ్చు. నగరం తన తడి చెత్తని ఎరువు చేసి పొలాలకి పంపాలన్న ఆలోచన కొత్తదేం కాదు. 2016లో కేంద్రం సిటీ కంపోస్ట్‌కి టన్నుకి 1500 రూపాయల సాయం ప్రకటించింది. కానీ కలిపేసిన చెత్త నుంచి చేసిన కంపోస్ట్‌లో గాజు ముక్కలుంటాయి, ప్లాస్టిక్ పీలికలుంటాయి, బ్యాటరీల నుంచి వచ్చిన లోహాలుంటాయి. దాన్ని చేలో వేసుకోమని రైతుకి చెప్పే మొహం మనకి లేదు. అటు 45 కిలోల యూరియా బస్తా సబ్సిడీ మీద 266 రూపాయల 50 పైసలు. ఆ యూరియా కూడా దొరక్క 2025 వానాకాలంలో తెలంగాణ రైతులు సొసైటీల ముందు తెల్లవారుజాము నుంచి చెప్పులు లైన్లో పెట్టి కూర్చున్నారు. సిటీ కంపోస్ట్ యూరియాకి బదులు కాదు, అందులో నత్రజని ఒకటి రెండు శాతం మించదు. కానీ మట్టికి కావాల్సింది నత్రజని ఒక్కటే అయితే హోవర్డ్‌ని ఎప్పుడో మర్చిపోయేవాళ్లం.

కాబట్టి నా లెక్కలో వంటింటి చెత్త విషయంలో రెండు వేరు వేరు పనులున్నాయి. మొక్కలకి వెయ్యడం సరదా. సంగీతం నేర్చుకోవడంలాగా, చేస్తే బాగుంటుంది, చెయ్యనివాళ్లని తప్పుపట్టలేం. రోజుకి పది గంటలు బయట పనిచేసి వచ్చే మా కింది ఫ్లాట్ అక్కని ‘మీరు కంపోస్ట్ ఎందుకు చెయ్యరు’ అని అడిగే హక్కు నాకు లేదు. కలపకుండా ఇవ్వడం మాత్రం బాకీ. దానికి బాల్కనీ అక్కర్లేదు, ఎండ అక్కర్లేదు, తీరిక పెద్దగా అక్కర్లేదు. అవతల చేతులున్న మనిషి ఉన్నాడు, ఆ చేతుల అవతల ఎక్కడో ఒక పొలం ఉంది. విచిత్రమేమంటే మనం సరదాగా చేసే పనికి పేరొస్తుంది, బాకీగా చెయ్యాల్సిన పనికి ఎవరూ చప్పట్లు కొట్టరు. కొట్టకపోవడమే సబబు కూడా. బాకీ తీర్చినవాడికి చప్పట్లేంటి.

ఇంతా చేసి నేను వేరు చేసిచ్చిన రెండు సంచులనీ ఆటో అతను ఒకే డబ్బాలో వేసుకుంటే ఏం లాభం అని మా ఆఫీసులో ఒకావిడ అడిగింది. చాలామంది వేరు చెయ్యడం మానెయ్యడానికి చెప్పే కారణం ఇదే. ఆ అనుమానం నిజమయ్యే రోజులున్నాయి, ఆటోలో అడ్డుగోడ ఉండాలి, అవతల విడిగా తీసుకునే చోటుండాలి, దానికోసం కార్పొరేటర్‌ని, ఆఫీసర్లని విసిగించాలి. అది కూడా ఈ బాకీలో భాగమే. కానీ తర్వాతి దశలో ఏం జరిగినా, మొదటి దశలో ఆ చేతులకి గాజు గుచ్చుకోకుండా ఉంటుంది. ఫలితం నగరం చేతిలో ఉండొచ్చు, ఈ ఒక్కటి మాత్రం ఇంట్లోనే తేలిపోతుంది.

మీటింగ్‌లో చివరికి నూట ఇరవై ఖాయమైంది, తొమ్మిది మంది సరేనన్నారు, నలుగురు కాదన్నారు, ఇద్దరు ఫోన్లు చూసుకుంటున్నారు. పెద్దాయన కాదన్నవాళ్లలోనే ఉన్నారు, ఇప్పటికీ అది అన్యాయమనే అంటారు. నేను కాదనీ అంటాను, సాయంత్రం మెట్ల దగ్గర కలిసినప్పుడల్లా ఈ పంచాయితీ నడుస్తూనే ఉంది. ఆయన చిన్న కవర్ మాత్రం చూడాల్సిందే. పగిలిన గాజుని న్యూస్‌పేపర్‌లో నాలుగు మడతలు చుట్టి, దారం కట్టి, పైన ఎర్ర ఇంకుతో తెలుగులో, హిందీలో గాజు అని రాస్తారు. ఆటో మీద వచ్చే ఆమెకి రెండు భాషలూ చదవడం రాదు. ఎర్ర రాత కనిపిస్తే పట్టుకోకుండా పక్కన పెడతానని చెప్పింది.